షోలాపురమందలి యద్దె యిండ్లు

షోలాపురము మహారాష్ట్రమున నున్నను తెలుగువారికి పరాయి పట్టణము కాదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహర్షి రథము ఆ వీథులలో వెడలునపుడు మన చెవికి సోకునది తెలుగు మాటయే. కరవు వలనను, పనిలేమి వలనను నైజాము తెలంగాణమును వదలి, మగ్గమునే నమ్ముకొని పోయిన పద్మశాలీల సంతతివారు ఆ పట్టణపు తూర్పు పేటలలో నేటికిని వేలకు వేలుగ నివసించుచున్నారు. బడిలో మరాఠీ చదివినను, అంగడిలో మరాఠీ పలికినను, పొయ్యి యొద్ద వారి భాష తెలుగే. అట్టి పట్టణమున బీదలకు నిలువ నీడ యెట్లు దొరకుచున్నది, దొరకిన నీడ యెన్నాళ్లు నిలుచుచున్నది యను ప్రశ్న మనకు సంబంధింపదని త్రోసివేయుటకు వీలులేదు. మన పాఠకులలో ననేకులు ఇండ్లు గలవారు, నెలనెల అద్దెలు పుచ్చుకొనువారు. కావున ఈ ప్రశ్న వారి గడపను గూడ తట్టుచునే యున్నది.

ఒకప్పుడా పట్టణము సిరితో పొంగినది. 1877లో మొరార్జీ గోకులదాసు స్థాపించిన నూలు మిల్లుతో నారంభమై నరసింగగిర్జీ, లక్ష్మీ, విష్ణు, జాము మిల్లులు ఒకదాని వెంట నొకటి వెలసెను. ఆ మిల్లుల కూత విని లేచు జనము దేశము పిలిచినప్పుడును లేచినది. 1930 మే నెలలో గాంధీ మహాత్ముని నిర్బంధించినారన్న వార్త విని పట్టణమంతయు కదలగా దొరతనమువారు మార్షల్ లా విధించిరి. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, కిసన్ శారదా యను నలువురను 1931 జనవరి 12వ తేదీని ఎరవాడ చెరసాలలో నురిదీసిరి. ఇంతటి చరిత్రగల పట్టణము స్వరాజ్యము వచ్చిన పిదప వర్ధిల్లుటకు మారుగా చిక్కిపోవ నారంభించెను. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. చద్దరులు, తువ్వాళ్లు నేయు మరమగ్గములు కొంత పని నిలిపినవి గాని, మిల్లు కూలివానికుండిన జీతము, భవిష్యనిధి, పింఛను ఆ షెడ్డులలో నెక్కడివి? 2001లో 8,72,478గా నున్న నగర జనసంఖ్య 2011లో 9,51,558 మాత్రమే యయ్యెను. పదియేండ్లలో నూటికి తొమ్మిది. ఆ దశాబ్దముననే దేశమందలి పట్టణ జనము నూటికి ముప్పదికి మించి పెరిగినది. చదివిన పిల్లలు పూనాకును, హైదరాబాదునకును తరలిపోవుచున్నారు.

మగవాని మిల్లు జీతము పోయినచోట ఆడుదాని బీడీ సంసారమును నిలిపినది. బీడీలు చుట్టు స్త్రీలు ఆ పట్టణమున పదుల వేలున్నారు. వారిలో తెలుగువారు మెండు.

పట్టణము క్షీణించినచో ఇండ్లు చవుక కావలెను గదా యని కొందఱందురు. అర్థశాస్త్రపు పుస్తకములో నది నిజము కావచ్చును. వీథిలో జరుగునది వేఱు. పని తగ్గినప్పుడు ముందు తగ్గునది కూలి; అద్దె కాదు. ఊరు విడిచి పోగలవాడు చేతిలో నాలుగు రూకలున్నవాడు. పోలేనివాడు చిన్న గదులకై తనవంటి వారితోనే పోటీపడుచు మిగిలిపోవును. వానలు లేని యేట చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చువారును ఆ గదులకే వత్తురు. ఇంటి యజమాని సంగతియో, వచ్చు నద్దెతో కప్పు మార్పించినచో ఆ సొమ్ము తిరిగి రాదని యతని కెఱుక. కనుక నతడు అద్దె తగ్గింపడు, మరమ్మతు తగ్గించును. గోడ బీటవాఱును, కప్పు కురియును, వాకిలికంతకు నొక్కటే కుళాయి, నాలుగు కుటుంబముల కొక్కటే పాయిఖానా. యజమాని కన్ను ఇంటిపై నుండదు, ఇంటి క్రింది నేలపై నుండును. నేల కొనువాడు వచ్చినంతవఱకే కిరాయిదారునకు నివాసము.

బీడీ చుట్టు స్త్రీకి ఇల్లనగా నిల్లు మాత్రమే కాదు, అదియే కార్ఖానా. ఆమె ఆకును, పొగాకును కార్ఖానా శాఖనుండి తెచ్చుకొనును. ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారము కట్టి, కట్టలు కట్టి మరల నప్పగించును. ఆమె కూలి వేయి బీడీల లెక్కన కట్టుదురు. కప్పు కురిసి ఆకు చెడినను, పొగాకు నెమ్మెక్కినను, బాగులేవని తీసివేసిన బీడీలకు కూలిలేదు. ఆ యొక్క గదిలోనే వంట, ఆ గదిలోనే పసిబిడ్డ నిద్ర, ఆ గదిలోనే పొగాకు దుమ్ము. విచారించి చూడుడు: కార్ఖానాకు కావలసిన షెడ్డును కట్టవలసినవాడు యజమాని. ఆ షెడ్డునకు నద్దె చెల్లించుచున్నది కార్మికురాలు. వేయి బీడీల కూలి నిర్ణయించునప్పుడు బియ్యము లెక్కింతురు, బట్ట లెక్కింతురు, ఆమె గది యద్దెలో కార్ఖానా వంతెంత యని లెక్కించిన వారిని మే మింతవఱకు చూడలేదు. గది ఖాళీ చేయుమని యజమాని యన్ననాడు ఆమెకు పోవునది నివాస మొక్కటే కాదు, ఆ దినపు కూలియు.

పనికిని ఇంటికిని ముడివేసిన పాత పద్ధతులును షోలాపురమునకు తెలియనివి కావు. మిల్లువారు కట్టించిన చాళ్లలో పని యున్నంతకాలమే గది. సమ్మెలో నిలిచినవానికి యజమాని తాళపుచెవి చూపెడివాడు. అంతకన్న ఘోరమైనది ‘సెటిల్‌మెంటు’. నేరస్థ జాతులని తెల్లదొరతనము ముద్రవేసిన తెగలవారిని కుటుంబములతో ముళ్ళతీగల నడుమ నుంచి, అచ్చటినుండి మిల్లు పనికి నడిపించెడివారు. ఆ చట్టము 1952లో రద్దయినది. ఇల్లు ఇచ్చువాడును, పని యిచ్చువాడును ఒక్కడే యైనచో ఆ యిల్లెట్టిదగునో తెలిసికొనుటకు షోలాపురము వారు పుస్తకములు చదువ నక్కఱలేదు. ఈ మాట నిప్పుడు జ్ఞాపకము చేయుటకు కారణము గలదు. కార్మికులకు ఇండ్లు కట్టించు భారము కార్ఖానాదారులకే వదలిన చాలునని సలహా చెప్పువారు మరల బయలుదేఱినారు.

ఇట్టి పట్టణముననే, ఇట్టి స్త్రీలే, దేశమున నెక్కడను సులభముగా కానరాని పని యొకటి చేసిరి. కార్మిక నాయకుడును, మూడు మారులు శాసనసభ్యుడును నైన నరసయ్య ఆడం, జనులు ‘ఆడం మాస్తరు’ అని పిలుచువాడు, తెలుగు నేతపని వారి బిడ్డ. ఆయన నాయకత్వమున బీడీ స్త్రీలు సహకార గృహనిర్మాణ సంఘముగా నేర్పడి, వార్లీ గిరిజనుల విముక్తికి పాటుపడిన గోదావరీ పరుళేకరు పేరు దానికి పెట్టుకొనిరి. అక్కలకోట త్రోవలో కుంభారి గ్రామమునొద్ద 10,000 ఇండ్లు కట్టిరి. ఒక్కొక్క యింటి వ్యయము రమారమి 60,000 రూపాయలు. అందు కేంద్రప్రభుత్వము 20,000, రాష్ట్రప్రభుత్వము 20,000, కార్మికురాలు 20,000. సంఘము స్త్రీలది, సభ్యత్వము స్త్రీలది, కావున నిల్లును స్త్రీదే. త్రాగి వచ్చిన భర్త ‘నా యింటినుండి పొమ్ము’ అని యనుటకు వీలులేని యిల్లు మన దేశమున నెన్ని పేటలలో నున్నది? 2006లో నాటి ప్రధాని మన్‌మోహన్ సింగు వచ్చి ఆ యిండ్ల నప్పగించెను.

అంతటితో నాగలేదు. మరమగ్గపు పనివారు, బట్టలు కుట్టువారు, చిత్తుకాగితములేరుకొనువారు, బండ్లు తోలువారు, బీడీ స్త్రీలు అందఱును కలిసి రేనగర్ అను 30,000 ఇండ్ల పేటకు పూనుకొనిరి. ప్రధానమంత్రి ఆవాస యోజన క్రింద ఇంటికి కేంద్రము లక్షన్నర, రాష్ట్రము లక్ష యిచ్చుట, మిగిలినది లబ్ధిదారు భరించుట దాని యేర్పాటు. 2019 జనవరిలో నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసెను. 2024 జనవరి 19న మరల వచ్చి మొదటి 15,000 ఇండ్ల నప్పగించుచు, తనకును చిన్ననాట నిట్టి యింట నుండు భాగ్యము కలిగియుండినచో బాగుండెడిదని చెప్పుచు గద్గదస్వరుడయ్యెను. శంకుస్థాపన సభలో ప్రధానిని మెచ్చుకొన్నందులకు మాస్తరును ఆయన పార్టీ తన కేంద్రసంఘమునుండి మూడు నెలలు తొలగించి యుంచుట ఒక చిత్రము. ఆ తగవుతో మాకు పనిలేదు. ఒక మాట మాత్రము చెప్పక తప్పదు. ఆ యిండ్లను మన్‌మోహన్ సింగు ఇచ్చెననియు, మోదీ ఇచ్చెననియు వాదులాడువారు ఏండ్ల తరబడి కలెక్టరు కచేరి యెదుట నెండలో బైఠాయించిన స్త్రీలను మఱచుచున్నారు. సబ్సిడీ ప్రతి నగరమునకును సమానమే. దానిని కొంగున ముడివేసికొని యిల్లు కట్టుకొనగలిగినవారు కొందఱే. భేదమంతయు సంఘబలమున నున్నది.

అయినను మెప్పుతోనే ముగింప వలనుపడదు. ఈ పేటలు నగరమునకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్నవి. నేల చవుకగా దొరకునది అచ్చటనే గదా! కాని బస్సు కూలి చవుక కాదు. బీడీ శాఖ పేటకు వచ్చినచో సరి. రానిచో ఆకులకై పోయి వచ్చుటలో సగము దినము పోవును. మరమగ్గపు రాత్రిపని ముగించుకొని వచ్చువానికి త్రోవ యేది? నీటి సంగతి చెప్పనక్కఱలేదు. ఉజనీ జలాశయము నిండియున్నను నగరమధ్యమందే నాలుగైదు దినముల కొకమారు కుళాయి వచ్చుట యేండ్ల తరబడి షోలాపురపు వాడుక. ఊరి వెలుపలి పేటల గతి యూహింపవచ్చును. ఇల్లు కట్టుట యొక శాఖ, నీరిచ్చుట మఱియొక శాఖ, బడి వేఱొక శాఖ. గోడలు లేచిన నాటికి అన్ని శాఖలును కలిసినచో నది పేట. కానిచో నది గోడల వరుస.

ఇంకొక సంగతి. 1976 చట్టము ననుసరించి బీడీలపై వసూలైన సెస్సు బీడీ కార్మికుల నిధిగా నుండెడిది. వైద్యము, పిల్లల విద్యార్థివేతనములు, ఇంటి సహాయము దానినుండియే. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు ఆ సెస్సు రద్దయినది. నాటివఱకు తన పనిపై పుట్టిన సుంకమునుండి హక్కుగా నడిగినదానిని, నాటినుండి సాధారణ బడ్జెటులో నొక పద్దుగా, దయగా నడుగవలసి వచ్చినది. పన్ను క్రమబద్ధమైనదని పండితులు సంతోషించిరి. ఈ మార్పును గూర్చి పత్రికలలో వ్రాసినవారు బహు స్వల్పము.

ముఖ్యమైన మాట కిప్పుడు వత్తుము. నలువది వేల యిండ్లు కట్టినను నగరమున అద్దెకుండువారు అద్దెకుండనే యుందురు. సంఘమున చేరుటకు వాయిదాలు కట్టలేనివాడు, నిన్న పల్లెనుండి వచ్చినవాడు, భర్తను విడిచి వచ్చిన స్త్రీ, పెండ్లియై వేఱుకాపురము పెట్టిన కొడుకు, వీరందఱు ఎక్కడ నుందురు? సొంత యిల్లు కల; అద్దె యిల్లు నిజము. మన ప్రభుత్వములు కలకు సబ్సిడీ యిచ్చి నిజమును గాలికి వదలినవి.

చట్టము లేదా? ఉన్నది. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 1999లో పుట్టి 2000 మార్చి 31 నుండి యమలులోనికి వచ్చినది. చదివిన కొలది బాగుగనే యుండును. న్యాయమైన అద్దె చెల్లించుచు షరతులు పాటించు కిరాయిదారును యజమాని తన యిష్టము వచ్చినట్లు వెళ్లగొట్టరాదు. నీళ్లు, దీపము ఆపరాదు. అద్దెకు రసీదు ఇవ్వవలెను. ఏడాదికి నూటికి నాలుగు వంతున అద్దె పెంచుకొనవచ్చును. ఒప్పందము వ్రాతమూలకముగ నుండి రిజిస్టరు కావలెను. చేయించు బాధ్యత యజమానిది. అట్లు చేయింపనిచో షరతులను గూర్చి కిరాయిదారు చెప్పిన మాటయే, వేఱు రుజువు లేనంతవఱకు, చెల్లును. ఇంతకన్న కావలసిన దేమి?

కావలసినది ఆ చట్టము పేట వఱకు వచ్చుట. గది యద్దె చేతికి చేయి. రసీదు లేదు, కాగితము లేదు. కాగితము వ్రాసినచోట వ్రాయునది కిరాయిచీటి కాదు. ‘లీవ్ అండ్ లైసెన్సు’ అను పదునొకండు నెలల యనుమతి పత్రము. ఆ రెంటికిని వాసము, దూలము, వాకిలి ఒక్కటే. పేరులో నున్నది కిటుకు. కిరాయిదారునకు రక్షణ గలదు. లైసెన్సుదారునకు గడువు తీరిననాడు గది విడుచుట తప్ప వేఱు గతి లేదు, విడువనిచో రెట్టింపు సొమ్ము చెల్లింపవలెను. శాసనసభ ముందు ద్వారమున రక్షణను నిలిపి ప్రక్క ద్వారము తెఱచి యుంచినది. జనమంతయు ప్రక్క ద్వారముననే పోవుచున్నది. న్యాయస్థానమునకు పోవచ్చునందురా? బీడీలు చుట్టు స్త్రీ వాయిదాకు వాయిదాకు వకీలు వెంట తిరిగినచో నానాటి వేయి బీడీలు ఎవరు చుట్టుదురు?

ఇచ్చట యజమానుల పక్షమును విచారింపకున్నచో మేము పక్షపాతుల మగుదుము. అద్దె నియంత్రణము గుడ్డిగా చేసిన ఫలము బొంబాయిలో కండ్ల యెదుట నున్నది. 1947 నాటి చట్టము అద్దెలను 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి మట్టమున కట్టివేసినది. యుద్ధకాలపు మందును ఏబదియేండ్లు త్రాపించిరి. బియ్యము ధర, సున్నము ధర, తాపీవాని కూలి వందల రెట్లు పెరిగినను అద్దె మాత్రము నిలిచిన చోటనే నిలిచినది. ఆ కట్టడి కాలక్రమమున నిర్హేతుకమైనదని 1997లో సుప్రీంకోర్టు చెప్పినది. ఈలోగా మరమ్మతు లేని కట్టడములు శిథిలములయ్యెను. 1969లో ప్రభుత్వమే పన్ను వేసి మరమ్మతు బోర్డును పెట్టవలసి వచ్చెను. 2017 ఆగస్టు 31న భేండీబజారులో నొక పాత భవనము కూలి 33 మంది మరణించిరి. 2019 జులైలో డోంగ్రీలో మఱియొకటి కూలి పదిమందికి పైగా పోయిరి. కూలుటకు అద్దె స్తంభన మొక్కటే కారణమని మే మనము; లోభము గలదు, అధికారుల యుపేక్ష గలదు. కాని మరమ్మతు చేయుటకు రాబడి చాలని కట్టడము నెవ్వడును చేయడనుట స్పష్టము. అంతేకాదు, ఆ చవుక యద్దె బీదకే దక్కెనా? పగిడీ యను పేర లక్షలు చేతులు మారి, నడిబజారున నలువది రూకల కిరాయికి వర్తకులు కూర్చుండిరి. క్రొత్తగా వచ్చిన కూలివానికి మాత్రము మురికివాడయే గతి యయ్యెను.

రెండు గదులద్దెతో కాలము గడపుకొను వితంతువును, నూఱు గదులు గల ధనికుని ఒక్క త్రాసున తూచుటయు న్యాయము కాదు. మొండి కిరాయిదారు నొకని తొలగించుటకు తండ్రి వేసిన దావా కొడుకు కాలమున తీరుట మన పాఠకు లెఱుగనిది కాదు. ఆ భయముచేతనే వారు గదికి తాళము వేసి యుంచుటయో, పదునొకండు నెలల చీటి వ్రాయించుటయో చేయుచున్నారు. ఈ భయము నిజమైనది. దానిని తీర్చనిదే కిరాయిదారునకును రక్షణ దొరకదు. తీర్పు ఆరునెలలలో వచ్చు న్యాయస్థాన మిద్దఱికిని కావలెను. అద్దె యెగవేయువాని నది త్వరగా పంపివేయును, అద్దె చెల్లించువాని నది త్వరగా నిలుపును. ఆలస్యము బలవంతుని చుట్టము.

క్షీణించిన పట్టణ మేమి చేయగలదు, దానికి సొమ్మెక్కడిదని నిట్టూర్చువారికి వియన్నా నగరపు చరిత్రను జ్ఞాపకము చేయుచున్నాము. మొదటి మహాయుద్ధమున నోడి, సామ్రాజ్యము పోయి, ఆకలితో నలమటించిన నగరమది. యుద్ధకాలముననే అచ్చట కిరాయిదార్లకు రక్షణ నిచ్చుచు ఆజ్ఞలు పుట్టినవి. అద్దెలు కట్టుబడుటచే ఇండ్లు కట్టి లాభము తీయువారు తొలగిరి. తొలగుటచే నేల వెల పడిపోయెను. పడిన వెలకు నగరపాలక సంఘమే నేలను కొనెను. 1923లో ఇండ్లపై పన్ను వేసిరి. చిన్న యింటికి స్వల్పము, భవనములకు బహుళము. ఆ సొమ్ముతో 1934 లోపల 60,000కు మించిన వాటాలు కట్టి అద్దెకిచ్చిరి. అమ్మలేదు; అద్దెకిచ్చిరి. నేటికిని ఆ యిండ్లు నగరమువే. మొదటి యడుగు రెండవ యడుగునకు త్రోవ యిచ్చిన విధమును గమనింపుడు. బొంబాయి అద్దె కట్టి ఇల్లు కట్టక కూర్చున్నది. వియన్నా అద్దె కట్టి ఇల్లును కట్టినది.

మన కేంద్రప్రభుత్వమునకును 2020లో ఈ బుద్ధి పుట్టకపోలేదు. కరోనా కాలమున కూలివారు మండుటెండలో నడచి పల్లెలకు పోవుట చూచిన పిమ్మట, అద్దె యిండ్ల పథక మొకటి ప్రకటించి, సర్కారు కట్టి ఖాళీగా నున్న 83,000కు పైబడిన యిండ్లను అద్దెకు మార్తుమని చెప్పిరి. మారినవి కొలది వేలే. కట్టిన యిల్లు ఖాళీ, కూలివాడు వీథిలో. ఈ రెంటిని కలుపుటకు జీ.వో. చాలలేదు.

షోలాపురము విషయమున మా యభిప్రాయము స్పష్టముగ చెప్పుదుము. మూతపడిన మిల్లుల నేలలు ఊరి నడుమ నున్నవి. వానిలో మిగిలినదాని మీదనైనను కార్మికుల యద్దె యిండ్లకు వంతు నిర్ణయింపవలెను. ఆ వంతును కాగితము మీద నుంచి జారవిడువరాదు. బొంబాయి మిల్లుల నేలలో మూడింట నొక వంతు బీదల యిండ్లకని 1991లో నియమము చేసిరి. 2001లో దానిని సవరించి, ఖాళీ నేలకు మాత్రమే వర్తించునట్లు కుదించిరి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలిపినది. మిల్లు కూలివాడు చూచుచుండగనే ఆ నేలలపై ఆకాశహర్మ్యములు లేచినవి. షోలాపురము చిన్న పట్టణము, నేల వెల యింకను మిన్ను ముట్టలేదు. కావున నిదియే సమయము. నేల పిరమైన పిదప ధర్మము చెప్పినచో వినువారుండరు. సంఘము పెట్టి వేలకొలది యిండ్లు కట్టిన స్త్రీలకే అద్దె యిండ్ల నిర్వహణమును గూడ అప్పగించి చూచినచో నేమి? కంట్రాక్టరుకన్న వారు లెక్క బాగుగా చెప్పుదురు.

ఇక మన యిండ్లు. హైదరాబాదునందు నేటికిని 1960 నాటి చట్టమే. 2005 సవరణలో నగరపాలక సంఘముల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన యద్దె గల కట్టడములను దాని రక్షణనుండి మినహాయించిరి. ఆ మహానగరమున 3,500కు లోబడి యద్దెకు దొరకు నిల్లెన్ని, ఎట్టివి? చట్టము చచ్చినదని యెవరును ప్రకటింపలేదు గాని దాని నీడలో నిలిచినవారు తరిగిపోయిరి. ఆంధ్రప్రదేశమున 2017లో క్రొత్త చట్టము చేసి పాతదానిని తొలగించిరి. వ్రాతమూలకమైన యొప్పందమును విధించిరి. 2021లో కేంద్రము పంపిన నమూనా చట్టము నివాస గృహములకు రెండు నెలల యద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని చెప్పుచున్నది. నమూనా నమూనాగనే యున్నది. తెలంగాణ శాసనసభ ఆ 3,500 అంకెను సవరించుటయో, ఆ చట్టమునే మార్చుటయో రాబోవు సమావేశముననే చేయవలెనని మా కోరిక.

శాసనసభ చేయునంతవఱకు వేచియుండ నక్కఱలేని పనులును గలవు. గృహస్వాములైన మన పాఠకులు వచ్చు నెల యద్దె పుచ్చుకొనునప్పుడు రసీదు వ్రాసి యియ్యవచ్చును. ఏడాది చీటి కాక మూడేండ్ల చీటి వ్రాసి, పెంచబోవు నద్దెను అందులోనే ముందుగ చెప్పవచ్చును. వానలకు ముందు కప్పు చూపించుకొనవచ్చును. దీనివలన తమకు నష్టము కలుగునని తోచినవారు మాకు వ్రాసినచో ఈ పుటలోనే ప్రకటింతుము.